డ్రై స్టీమ్‌తో ఆహార తయారీ యంత్రాల శుభ్రత: దుమ్ము తీయడం నుంచి స్వాబ్ పరీక్ష దాకా

డ్రై స్టీమ్ మెషీన్ వచ్చిన మొదటి రోజు చాలా చోట్ల ఒకటే జరుగుతుంది. గన్ చేతికి రాగానే పిండి పేరుకున్న బెల్ట్ మీదకి నేరుగా కొడతారు. పది సెకన్లలో ఆ పిండి ఉడికి, జిగురై, బెల్ట్‌ని పట్టుకుంటుంది. అంతకుముందు బ్రష్‌తో దులిపితే రాలిపోయేది, ఇప్పుడు స్క్రేపర్ పెట్టి గీకినా రాదు. ‘ఇది మన పనికి కాదు’ అని మెషీన్‌ని మూలకి తోసేస్తారు. మెషీన్ తప్పేమీ లేదు. వరసలో మూడోదో నాలుగోదో కావాల్సిన పనిని మొదటే చేశారు, అంతే.

నా లెక్కలో ఈ పనిలో ఆవిరి కొట్టడం పావు వంతు. అంతకుముందు పొడిగా తీయాల్సింది తీయడమే సగం. మిగతా పావు వంతు, ఆవిరి వదిలిన చెమ్మని ఆరబెట్టడం, నిజంగా శుభ్రమైందో లేదో చూసుకోవడం. ఇదంతా ఆ వరసలోనే చెప్తాను.

## ఆవిరికి పొడి ఏమిటి, తడి ఏమిటి?

నీళ్ళు మరిగేటప్పుడు లేచే ఆవిరితో పాటు సన్నటి నీటి తుంపరలు కూడా కొట్టుకొస్తాయి. అది తడి ఆవిరి. మూసిన బాయిలర్‌లో ప్రెషర్ మీద నీళ్ళు మరిగించి, ఆ తుంపరల్ని వీలైనంత వేరుచేసి వదిలితే పొడి ఆవిరి, అదే డ్రై స్టీమ్. శుభ్రత కోసం చేసే మెషీన్లలో ఈ తుంపరల వాటా బరువులో 5 శాతానికి అటూ ఇటూగా ఉండేలా చూస్తారు.

గేజ్ మీద 6 బార్ కనిపిస్తే బాయిలర్ లోపల సుమారు 165 డిగ్రీల సెల్సియస్ ఉన్నట్టు. 8 బార్ అయితే 175, 10 బార్ అయితే 184. మెషీన్ అమ్మేటప్పుడు చెప్పే అంకె ఇదే. కానీ ఆ వేడి మీ యంత్రానికి తగలదు. నాజిల్ దాటగానే ఆవిరి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చుట్టూ ఉన్న చల్లగాలితో కలుస్తుంది. జానెడు దూరం పోయేసరికి 100 డిగ్రీల కన్నా బాగా కిందికి దిగిపోతుంది. అందుకే గేజ్ చూసి ధీమా పడకూడదు. స్టీలు ఎంత వేడెక్కింది, ఆ వేడి ఎంతసేపు నిలిచింది, ఈ రెండే లెక్క.

మరి ఆవిరి పని ఎలా చేస్తుంది? గుప్తోష్ణంతో, అంటే నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు లోపల దాచుకునే వేడితో. 20 డిగ్రీల నీళ్ళని 100 డిగ్రీలకి తేవడానికి కిలోకి 80 కిలోకేలరీలు చాలు. ఆ మరిగే నీళ్ళని ఆవిరి చేయడానికి మాత్రం ఇంకో 540 కావాలి. చల్లటి స్టీలుకి తగిలి ఆవిరి మళ్ళీ నీరైనప్పుడు ఆ 540 మొత్తం అక్కడే దించేస్తుంది. అంటే పొడి ఆవిరి కూడా పని చేయాలంటే చివరికి తడి కావలసిందే. పేరులో పొడి ఉంది కదా అని చెమ్మ ఉండదనుకుంటే పప్పులో కాలేసినట్టే. నీళ్ళ పైపుతో పోలిస్తే ఆ తడి చాలా తక్కువ, అంతవరకే నిజం. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 0.75 యూనిట్ కరెంటు పడుతుంది. ఆ లెక్కన 7.5 కిలోవాట్ల మెషీన్ గంటసేపు ఆపకుండా నడిచినా ఆవిరయ్యేది 10 లీటర్ల నీళ్ళే. పైపుతో కడిగితే 10 లీటర్లు ఒక్క నిమిషానికి కూడా రావు.

ఒకే వేడి దగ్గర పొడి గాలి కన్నా ఆవిరి సూక్ష్మజీవుల్ని చాలా తేలిగ్గా చంపుతుందని రాబర్ట్ కోఖ్, ఆయన సహచరులు 1881లోనే చూపించారు. ఇప్పటికీ పరికరాల్ని స్టెరిలైజ్ చేయాలంటే పొడి వేడిలో 160 డిగ్రీల దగ్గర 2 గంటలు పెడతారు. ఆటోక్లేవ్‌లో ఆవిరితో అయితే 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు సరిపోతాయి. తేమ తోడైతే సూక్ష్మజీవి లోపలి ప్రోటీన్లు త్వరగా గడ్డకట్టిపోతాయి.

ఆటోక్లేవ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి తేల్చుకుందాం. గన్‌తో కొట్టేది స్టెరిలైజేషన్ కాదు. సాల్మొనెల్లా, లిస్టీరియా, ఈ.కోలై, ఈస్ట్, బూజు లాంటివి ఈ వేడికి లొంగుతాయి. బాసిల్లస్, క్లోస్ట్రిడియం జాతుల స్పోర్లు, అంటే అవి గట్టి పొర కట్టుకుని నిద్రపోయే రూపాలు, లొంగవు. 100 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్లంటే వాటికి లెక్కే కాదు. అలర్జెన్ల సంగతి కూడా అంతే. పాలు, గుడ్డు, వేరుశనగ ప్రోటీన్లు వేడికి రూపం మార్చుకున్నా అలర్జీ తెప్పించే గుణం పోయిందని నమ్మడానికి లేదు. వాటిని చంపడం ఉండదు, అక్కడి నుంచి తీసేయడమే.

## ఎక్కడ వాడాలి, ఎక్కడ ఆగాలి

డ్రై స్టీమ్ అసలు బలం నీళ్ళు పోయకూడని చోట కనిపిస్తుంది. పిండి, పాలపొడి, మసాలా పొడులు, చాక్లెట్, బిస్కెట్ లాంటివి తయారయ్యే లైన్లలో నీరే శత్రువు. ఇలాంటి పొడి వాతావరణంలో సాల్మొనెల్లా పెరగదు, కానీ చావదు కూడా. దుమ్ములో నెలల తరబడి మొద్దునిద్ర పోతుంది. ఏదో సందులో కాస్త చెమ్మ దొరికితే చాలు, మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. అలాంటి చోట పైపుతో కడగడమంటే దానికి మేత వేసినట్టే. కన్వేయర్ బెల్టులు, అచ్చులు, ట్రేలు, ప్యాకింగ్ మెషీన్ దవడలు, స్లైసర్ బ్లేడ్ల గార్డులు, నట్లు బోల్టుల చుట్టుపక్కల, వెల్డింగ్ అతుకులు, బ్రష్ లోపలికి పోలేని గాడులు డ్రై స్టీమ్‌కి సరిగ్గా సరిపోయే చోట్లు. జిడ్డు, గడ్డకట్టిన చాక్లెట్, లేబుల్ జిగురు వేడికి కరిగి గుడ్డకి వచ్చేస్తాయి.

మాంసం, చేపలు, తడి పాల పదార్థాల లైన్లలో మాత్రం దీన్ని నీళ్ళు, డిటర్జెంట్‌కి బదులుగా వాడొద్దు. అక్కడ కడగాల్సింది కడిగాకే, నీళ్ళు చేరని మూలలకి, మధ్యలో బ్రేక్ దొరికినప్పుడు బెల్ట్‌కి ఆవిరి పనికొస్తుంది. బయోఫిల్మ్, అంటే సూక్ష్మజీవులు తమ చుట్టూ అల్లుకున్న జిగట పొర, ముదిరితే ఆవిరి దాని పైభాగాన్ని ఉడికించి వదిలేస్తుంది. దాన్ని డిటర్జెంట్ వేసి రుద్ది తీయాల్సిందే.

వేడికి తట్టుకునే పదార్థమా కాదా అన్నది ముందే చూసుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీలు, సిలికాన్, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పూతలకి ఢోకా లేదు. మాడ్యులర్ బెల్టుల్లో (ప్లాస్టిక్ ముక్కలు కలిపి చేసినవి) పాలీప్రొపిలీన్ సుమారు 100 డిగ్రీల దాకా ఆగుతుంది, అసిటల్ 90 దాకా, పాలీ ఎథిలీన్ అయితే 65 దాటగానే మెత్తబడటం మొదలవుతుంది. అతుకు పెట్టిన పీవీసీ, పీయూ (పాలీయూరిథేన్) బెల్టుల విషయంలో బెల్ట్ తయారీదారు షీట్ చూడకుండా గన్ ఎత్తొద్దు. పారదర్శకంగా ఉండే పాలీకార్బొనేట్, యాక్రిలిక్ గార్డుల మీద అదే పనిగా ఆవిరి కొడితే వెంట్రుకల్లాంటి పగుళ్ళు పడతాయి. ఆ పగుళ్ళు మళ్ళీ సూక్ష్మజీవులకి గూళ్ళు.

కరెంటు పెట్టెలు, సెన్సార్లు, మోటార్లు, టచ్ స్క్రీన్లకి ఆవిరి దూరంగా ఉండాలి. నీళ్ళు, దుమ్ము లోపలికి పోవని చెప్పే ‘ఐపీ 69కే’ రేటింగ్ రాసి ఉంటే భయం లేదని చాలామంది అంటారు. ఆ పరీక్ష చేసేది 80 డిగ్రీల వేడి నీళ్ళతో. ఆవిరి నీళ్ళు దూరని సందులోకి కూడా దూరి, లోపల చల్లబడి నీరవుతుంది. పెట్టె మూతకి రబ్బరు సరిగ్గా ఉన్నా సరే, నేనైతే దాని మీదకి కొట్టనివ్వను. తడి గుడ్డతో తుడిస్తే పోయేదానికి అంత సాహసం ఎందుకు?

ఇంకో రెండు జాగ్రత్తలు ప్రాణాలకి, యంత్రానికి సంబంధించినవి. పిండి, పంచదార, పాలపొడి దుమ్ము గాలిలో లేచి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. దుమ్ము పేరుకున్న చోట కంప్రెస్డ్ ఎయిర్ గానీ ఆవిరి గానీ కొట్టి దాన్ని లేపకూడదు. దుమ్ము పేలుడు ప్రమాదం ఉందని గుర్తించిన ప్రాంతంలోకి మామూలు స్టీమ్ మెషీన్, మామూలు వ్యాక్యూమ్ తీసుకెళ్ళకూడదు. రెండోది క్లోరిన్. క్లోరిన్ శానిటైజర్ వాడిన చోట దాన్ని పూర్తిగా కడిగి తుడిచాకే ఆవిరి పెట్టాలి. క్లోరైడ్, వేడి కలిస్తే స్టెయిన్‌లెస్ స్టీలుకి గుంటలు, పగుళ్ళు వస్తాయి. దాని వాసన పీల్చే మనిషి ఊపిరితిత్తుల గురించి వేరే చెప్పక్కర్లేదు.

## గన్ పట్టుకునే ముందు

ఆవిరి తెల్లగా పొగలా కనిపిస్తుంది కదా, అది నిజానికి ఆవిరి కాదు. చల్లబడి నీటి తుంపరలైన భాగం. అసలు ఆవిరి కంటికి కనిపించదు. నాజిల్ మొదట్లో ఏమీ లేనట్టు ఖాళీగా కనిపించే ఆ రెండు మూడు సెంటీమీటర్లే అన్నిటికన్నా ప్రమాదం. కొత్తవాళ్ళు వేలు పెట్టేది సరిగ్గా అక్కడే. అదే గుప్తోష్ణం చర్మం మీద కూడా దిగుతుంది కాబట్టి ఆవిరి కాలిన గాయం లోతుగా ఉంటుంది.

అందుకని మోచేతి దాకా వచ్చే వేడి తట్టుకునే గ్లవ్స్, ముఖానికి షీల్డ్, పొడుగు చేతుల చొక్కా, నీళ్ళు చొరని బూట్లు వేసుకోవాలి. నూలు గ్లవ్స్ వద్దు, తడిస్తే వేడిని పట్టి ఉంచి ఇంకా కాలుస్తాయి. ఎవరికైనా కాలితే వెంటనే 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ళ కింద పెట్టాలి. ఐసు, పేస్టు, నూనె ఏవీ రాయొద్దు.

లైన్‌కి కరెంటు తీసేసి, తాళం వేసి, ట్యాగ్ కట్టండి. బెల్ట్ తిప్పుతూ ఆవిరి పట్టాల్సి వస్తే దానికి తగ్గ బిగింపు అమర్చి, చేత్తో గన్ పట్టుకోకుండా చేయండి. తిరిగే రోలర్ పక్కన హోస్ పట్టుకుని నిలబడటం పని తెలిసినవాళ్ళు చేసేది కాదు. ఆ లైన్ మీదున్న సరుకు, ప్యాకింగ్ మెటీరియల్ అన్నీ తీసేయాలి. పక్క లైన్ నడుస్తుంటే మధ్యలో తెర వేయాలి, లేకపోతే మీ చెమ్మ వాళ్ళ సరుకు మీద పడుతుంది.

బాయిలర్‌లో పోసే నీళ్ళ గురించి ఒక మాట. గట్టి నీళ్ళు పోస్తే హీటర్ మీద తెల్లటి పొర కడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, కొన్నాళ్ళకి నాజిల్ నుంచి తెల్లటి రేణువులు ఊడి యంత్రం మీద పడతాయి. అలాగని పూర్తిగా డీమినరలైజ్ చేసిన నీళ్ళు పోస్తే మరో తంటా. కొన్ని మెషీన్లలో నీటి మట్టం చూసే ప్రోబ్ నీటిలోని లవణాల వల్ల పారే కరెంటు మీద ఆధారపడుతుంది. లవణాలే లేకపోతే ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీ అని చూపిస్తుంది. మాన్యువల్ ఏ నీళ్ళు చెబితే అవే. ఆహారం తగిలే చోట పడే ఆవిరి కాబట్టి బాయిలర్‌లో వేసే ఏ రసాయనమైనా ఆహారానికి అనుమతి ఉన్నదే అయ్యుండాలి.

## మొదటి మెట్టు: పొడిగా తీయడం

ఇక్కడ ఓపిక కావాలి. పై నుంచి కిందికి, పొడి చోటు నుంచి జిడ్డు చోటుకి వెళ్ళండి. ముందు ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పెద్ద గడ్డలు, తర్వాత బ్రష్, తర్వాత అతి సన్నటి దుమ్ముని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్. ఆహారం తగిలే భాగాలకి ఒక రంగు బ్రష్, నేలకి ఇంకో రంగు, డ్రెయిన్‌కి మరొకటి. ఈ రంగుల పద్ధతి చాలా చోట్ల గోడ మీది చార్టులోనే ఉంటుంది. రాత్రి షిఫ్ట్‌లో ఎవరి చేతిలో ఏ బ్రష్ ఉందో ఒకసారి చూస్తే తెలుస్తుంది.

విప్పగలిగినవన్నీ విప్పండి. బెల్ట్ వదులు చేసి అడుగు వైపు చూడండి. నేను పనిచేసిన ఒక యూనిట్‌లో స్వాబ్ (పుల్లకి చుట్టిన దూదితో రుద్ది చేసే పరీక్ష) ఫలితం మూడు వారాలు వరసగా చెడిపోయింది. బెల్ట్ పైన ఏమీ లేదు, అడుగున ఏమీ లేదు. చివరికి టెన్షన్ రోలర్ విప్పి కిందికి వంచితే దాని కొనన ఉన్న టోపీ సందులోంచి బూడిదరంగు నీళ్ళు రెండు చెంచాలంత కారాయి. రోలర్ గొట్టంలా బోలుగా ఉంది, ఎప్పుడో చొరబడిన నీళ్ళు అక్కడే మురుగుతున్నాయి. బెల్ట్ తిరిగినప్పుడల్లా ఒక్కో చుక్క బయటికి వస్తోంది. బయటి నుంచి ఎంత ఆవిరి కొట్టినా లోపలున్న నీళ్ళు వేడెక్కవు. ఆ రోలర్‌ని మార్చి నిండు కడ్డీది వేశాకే ఫలితం కుదుటపడింది. బోలు గొట్టాలు, బోలు కాళ్ళు, ఖాళీగా వదిలేసిన బోల్టు రంధ్రాలు కనిపిస్తే మెయింటెనెన్స్ వాళ్ళకి రాసివ్వండి.

ఏ మురికికి వేడి ఏం చేస్తుందో తెలిస్తే ఎక్కడ ఎంత గీకాలో అర్థమవుతుంది. పిండి పదార్థం 60, 70 డిగ్రీల మధ్య జిగురవుతుంది. పాలు, గుడ్డు, మాంసం ప్రోటీన్ గట్టిపడి స్టీలుకి అంటుకుంటుంది. పంచదార కాస్త చెమ్మకే పాకమై చల్లబడ్డాక గాజులా బిగుస్తుంది. కొవ్వు మాత్రం కరిగి చేతికి వస్తుంది. కాబట్టి మొదటి మూడింటినీ ఆవిరికి ముందే కంటికి కనిపించనంతగా తీయాలి. కొవ్వు పల్చగా మిగిలినా ఫర్వాలేదు. స్టీలు మీద తెల్లటి గుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డకి పొడి అంటితే ఇంకా ఆవిరి వేళ కాలేదన్నమాట.

## రెండో మెట్టు: మెషీన్‌ని వేడి చేసి, హోస్‌లో నీళ్ళు వదలడం

ప్రెషర్ పూర్తిగా ఎక్కేదాకా ఆగండి. సగం ప్రెషర్‌లో వచ్చేది ఆవిరి కన్నా నీళ్ళే ఎక్కువ. ప్రెషర్ ఎక్కాక కూడా చల్లగా ఉన్న హోస్‌లో మొదటి ఆవిరి నీరైపోతుంది. అందుకే గన్‌ని బకెట్‌లోకి పెట్టి చిమ్మడం ఆగి సన్నటి ఆవిరి మాత్రమే వచ్చేదాకా వదలాలి. మధ్యలో ఐదు నిమిషాలు ఆపినా మళ్ళీ బకెట్‌లోకి వదిలాకే యంత్రం మీదకి. ఈ ఒక్క అలవాటు లేక పొడి లైన్‌లో అరగ్లాసు నీళ్ళు పోసినవాళ్ళని చూశాను.

## మూడో మెట్టు: ఆవిరి పట్టడం

నాజిల్‌ని 2 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, ఏటవాలుగా పట్టండి. నిటారుగా కొడితే మురికి అటూ ఇటూ ఎగిరిపడుతుంది, ఏటవాలుగా అయితే ఒకవైపుకి నెడుతుంది. ఆ ఒకవైపు మీ రెండో చేతిలో మైక్రోఫైబర్ గుడ్డో, వ్యాక్యూమ్ తలో ఉండాలి. ఆవిరి వెనకే గుడ్డ రావాలి. కరిగిన జిడ్డు అర నిమిషంలో చల్లారి మళ్ళీ అతుక్కుంటుంది. గుడ్డని నాలుగు మడతలు వేసి, ఒక మడత మాసిపోగానే రెండోది తిప్పండి. మాసిన గుడ్డతోనే తుడిస్తే ఒకచోటి మురికిని ఇంకోచోటికి మోస్తున్నట్టు.

ఈ పనిని రెండు దఫాలుగా చేయమంటాను. మొదటి దఫా మురికి వదిలించడానికి, చేయి కాస్త చురుగ్గా కదలొచ్చు. రెండో దఫా శానిటైజ్ చేయడానికి, అక్కడ చేయి నెమ్మదించాలి. చాలామంది రెండో దఫా కూడా రంగు వేసినట్టు అటూ ఇటూ ఊపేస్తారు. దానివల్ల స్టీలు 50 డిగ్రీలు కూడా దాటదు. గోరువెచ్చటి చెమ్మ, మిగిలిపోయిన మురికి కలిస్తే సూక్ష్మజీవులకి అంతకన్నా ఏం కావాలి?

ఎంత నెమ్మదిగా? ఆహారంలో లిస్టీరియాని పది లక్షల వంతుకి తగ్గించడానికి 70 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు అన్నది అందరూ వాడే లెక్క. వేడి సుమారు 7.5 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ కావలసిన సమయం పదో వంతుకి పడిపోతుంది. అంటే 85 డిగ్రీల దగ్గర కాగితం మీద ఒక సెకనుకి కాస్త ఎక్కువ చాలు. కాగితం మీదే సుమా. ఎండిపోయిన సూక్ష్మజీవి, కొవ్వు పొర కింద దాక్కున్న సూక్ష్మజీవి అంత తేలిగ్గా చావవు. అందుకే స్టీలు 85 దాటాక కూడా ఐదారు సెకన్లు అక్కడే నిలపడం నా పద్ధతి. మీ లైన్‌కి ఎంత చాలో మీ స్వాబ్ ఫలితాలే చెప్పాలి.

బెల్ట్‌కైతే ఈ లెక్కని నేరుగా వేగంలోకి మార్చుకోవచ్చు. ఆవిరి తల బెల్ట్ పొడవు వైపు 5 సెంటీమీటర్లు ఉండి, ప్రతి చోటికీ 5 సెకన్లు తగలాలనుకుంటే బెల్ట్ సెకనుకి 1 సెంటీమీటరు కదలాలి. అంటే నిమిషానికి 60 సెంటీమీటర్లు. 12 మీటర్ల బెల్ట్‌కి 20 నిమిషాలు. ‘ఇంతసేపా?’ అని సూపర్‌వైజర్ అడుగుతాడు. లెక్క చూపించండి. బెల్ట్ అంత నిదానంగా తిరగకపోతే రెండు మూడు చుట్లు తిప్పుతారు కొందరు. చుట్టుకీ చుట్టుకీ మధ్య బెల్ట్ చల్లారిపోతే మూడు చుట్లూ కలిపి ఒక్క నెమ్మది చుట్టుకి సమానం కావు.

మందపాటి స్టీలు, కోల్డ్ రూమ్‌లో ఉన్న యంత్రం వేడిని మింగేస్తాయి, వాటికి సమయం ఎక్కువ. పల్చటి ట్రే ఇట్టే వేడెక్కుతుంది. బేరింగ్‌ల మీదకి సూటిగా కొట్టకండి, గ్రీజు కరిగి కారుతుంది, తర్వాత చెమ్మ లోపలికి చేరి బేరింగ్ అరుస్తుంది. డ్రెయిన్‌లోకి బయటి నుంచి జోరుగా కొట్టినా లోపలి లిస్టీరియా తుంపరలై పైకి లేస్తుంది. డ్రెయిన్‌కి మూత కప్పే తల విడిగా వాడి, దాన్ని మళ్ళీ ఆహారం తగిలే చోటుకి తేకూడదు. గాస్కెట్లని, అంటే అతుకుల మధ్య పెట్టే రబ్బరు పట్టీలని, విప్పి, గాడిలోనూ వెనకవైపూ ఆవిరి పట్టి, తుడిచి ఆరాకే బిగించండి.

## నాలుగో మెట్టు: ఆరబెట్టడం

గంటలో 10 లీటర్ల నీళ్ళు గాలిలోకి పంపారు కదా, అవి ఎక్కడికి పోయాయి? కొన్ని గుడ్డకి, కొన్ని వ్యాక్యూమ్‌కి. మిగతావి పైకి లేచి చల్లటి పైకప్పు, పైపులు, డక్టుల అడుగున చుక్కలై వేలాడతాయి. తెల్లారి సరుకు మీద పడే చుక్క ఇదే. పని మొదలుపెట్టేముందే ఎగ్జాస్ట్ వేసి, అయ్యాక కూడా అరగంట నడవనివ్వండి. టార్చ్ వేసి తల పైకెత్తి చూడండి, మెరిసే చుక్కలుంటే పొడి గుడ్డ కట్టిన కర్రతో తుడవండి.

యంత్రం వేడిగా ఉండగానే తుడిస్తే మిగతా చెమ్మ దానంతటదే ఆరిపోతుంది. చల్లారాక తుడవడం రెట్టింపు పని. మూలల్లో, బోల్టుల చుట్టూ టిష్యూ కాగితం అద్ది చూడండి, తడి అంటితే ఇంకా ఆరలేదు. ఆరబెట్టడానికి కంప్రెస్డ్ ఎయిర్ వాడతామంటే అది ఫిల్టర్ అయినదే కావాలి, చుట్టుపక్కల పొడి సరుకు ఉండకూడదు. పూర్తిగా ఆరకుండా పొడి లైన్ మొదలుపెట్టడం కన్నా ఒక గంట ఆలస్యం మేలు.

## ఐదో మెట్టు: నిజంగా వేడెక్కిందా, నిజంగా శుభ్రమైందా?

ఒకసారి హాపర్ (సరుకు పోసే గరాటు లాంటి తొట్టి) లోపలికి ఆవిరి పట్టి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే 41 డిగ్రీలు చూపించింది. చూస్తే గ్లవ్ మీద నుంచే చేయి చురుక్కుమంటోంది. మెరిసే స్టీలు అద్దం లాంటిది. తన వేడిని తక్కువగా వెలువరిస్తుంది, ఎదుటి గోడ వేడిని తిరిగి చూపిస్తుంది. ఆ పరికరం స్టీలుని కాకుండా గోడనే ఎక్కువగా కొలిచింది. పక్కనే నల్లటి టేపు ముక్క అంటించి దాని మీద గురిపెడితే 88. మధ్యలో ఆవిరి మబ్బు ఉన్నా రీడింగ్ తప్పే. కాబట్టి తాకించి చూసే థర్మోకపుల్ వాడండి, లేదా ఒక వేడి దాటగానే రంగు మారి అలాగే ఉండిపోయే లేబుళ్ళు వాడండి. లేబుళ్ళని ఆవిరి నేరుగా తగిలే చోట కాకుండా అన్నిటికన్నా వెనక్కి, చల్లగా ఉండే మూలలో అంటించాలి. అక్కడ రంగు మారితే మిగతాచోట్ల దిగులు లేదు. ఎన్ని అంటించారో రాసుకుని అన్నీ తిరిగి తీయండి. లెక్క తప్పిన టేపు ముక్క రేపు ఎవరి ప్యాకెట్‌లోనో తేలుతుంది.

శుభ్రత చూడటానికి ముందు కన్ను, టార్చ్. ఆ తర్వాత ఏటీపీ స్వాబ్. ఇది నిమిషంలోపే ఆహారపు అవశేషాలు, జీవకణాలు ఎంత మిగిలాయో అంకెలో చూపిస్తుంది. ఒక కంపెనీ మీటర్ అంకెని ఇంకో కంపెనీ మీటర్ అంకెతో పోల్చకండి, వాటి కొలమానాలు వేరు. మీ యంత్రం కొత్తగా, బాగా శుభ్రం చేసిన రోజు పది చోట్ల తీసిన అంకెలే మీ హద్దు. ఏటీపీ బాగుందంటే సూక్ష్మజీవులు లేవని కాదు, అలర్జెన్ లేదని అంతకన్నా కాదు. అలర్జెన్‌కి దాని స్ట్రిప్ పరీక్ష వేరే ఉంది. సూక్ష్మజీవులకి స్వాబ్ తీసి ల్యాబ్‌కి పంపి రెండు మూడు రోజులు ఆగాల్సిందే.

స్వాబ్ ఎక్కడ తీయాలన్న దగ్గరే అసలు నిజాయితీ బయటపడుతుంది. నున్నటి స్టీలు పలక మధ్యలో తీస్తే ఎప్పుడూ పాసే. బెల్ట్ అతుకు, గాస్కెట్ వెనక, స్క్రేపర్ బ్లేడ్ బిగించిన చోటు, రోలర్ కొనలు ఇవీ తీయాల్సిన చోట్లు. ఫలితం చెడిందంటే అక్కడే మళ్ళీ ఆవిరి కొట్టి సరిపెట్టుకోవద్దు. మళ్ళీ విప్పి, పొడిగా తీసి, అప్పుడు ఆవిరి. రెండోసారి కూడా చెడితే ఆ చోట డిజైన్ లోపం వెతకండి.

## ఎన్నాళ్ళకి ఒకసారి, ఎలా రాయాలి

దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. మొదటి నెల ప్రతి శుభ్రతకీ స్వాబ్ తీసి, ఏ చోటు ఎన్ని రోజులకి పాడవుతోందో చూస్తే మీ షెడ్యూల్ దానంతటదే తేలుతుంది. రికార్డులో ‘ఆవిరి పట్టాం’ అని రాస్తే ఏమీ తెలియదు. ఏ నాజిల్, బెల్ట్ వేగం ఎంత, లేబుల్ ఏ రంగుకి మారింది, ఏటీపీ అంకె ఎంత, ఎప్పుడు ఆరింది, ఎవరు చూశారు ఇవన్నీ ఉండాలి. పని చేసిన మనిషి, చెక్ చేసిన మనిషి వేరువేరుగా ఉంటే మంచిది.

## మెషీన్ మూసేయడం

అలిసిపోయి ఉంటాం కాబట్టి ఇది హడావిడిగా అయిపోతుంది. స్విచ్ ఆపాక గన్ నొక్కి మిగిలిన ఆవిరి వదలండి, గేజ్ సున్నాకి దిగి బాయిలర్ చల్లారేదాకా మూత జోలికి పోవద్దు. అడుగునున్న వాల్వ్ తెరిచి మడ్డి నీళ్ళు దింపే పని మాన్యువల్ చెప్పినన్ని గంటలకోసారి చేయాలి. సేఫ్టీ వాల్వ్ పనిచేస్తోందో లేదో చూడటం, ప్రెషర్ పాత్రని తనిఖీ చేయించడం మెయింటెనెన్స్ క్యాలెండర్‌లో ఉండాలి, మీ జ్ఞాపకంలో కాదు. హోస్‌ని నేల మీద చుట్ట చుట్టి వదలకుండా గోడకి వేలాడదీయండి. నాజిల్ బ్రష్‌లు కడిగి ఆరబెట్టండి. వెంట్రుకలు ఊడుతున్న బ్రష్ ఉంటే రేపటికి దాచకుండా అప్పుడే పారేయండి. ట్యాంకులో మిగిలిన నీళ్ళు పారబోసి, మూత తెరిచి ఉంచండి. రేపు పొద్దున్న కొత్త నీళ్ళు పోస్తే చాలు.